సుగుణ మేడమ్ వాటా

పక్కింట్లో తలుపులకు పాలిష్ పెడుతున్నారు. కరిగించిన మైనం, టర్పెంటైన్ కలిసిన వాసన పొద్దున్నుంచీ మెట్లెక్కి మా ఇంట్లోకి వస్తోంది. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ మూసేసింది. నేను మెల్లగా వెళ్ళి ఒకటి తెరిచాను. "తలనొప్పి వస్తుందత్తయ్యా" అంది. తలనొప్పి సంగతి ఎలా ఉన్నా, ఆ వాసన వచ్చిందంటే చాలు, నా కళ్ళకు ఒక డేరా కనిపిస్తుంది. నిలబెట్టిన రెండు సైకిళ్ళ మధ్య తాడు కట్టి, దాని మీద వేసిన కోరా గుడ్డ డేరా. దాని ముందు గొంతుక్కూర్చుని, పంపు స్టవ్వుతో మాట్లాడుతున్న సుగుణ మేడమ్ కనిపిస్తారు. స్టవ్వుతో మాటలేమిటని నవ్వకండి. ఆవిడ సామాన్లతో నిజంగానే మాట్లాడేవారు.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. సుగుణ మేడమ్ అక్కడ ఆటల టీచరు. సొంతూరు చిత్తూరు. పొట్టి మనిషి, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, కుచ్చిళ్ళు చీలమండకు జానెడు పైన. రోజూ సైకిల్ మీదే బడికి వచ్చేవారు. కాలేజీ పిల్లలు సైకిల్ తొక్కితే ఊళ్ళో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు కానీ, యాభైకి దగ్గర పడిన ఆడమనిషి తొక్కితే మాత్రం టీ అంగళ్ళ దగ్గర తలలు తిరిగేవి. ఆవిడ ఆ తలల వైపు చూసి గంట కొట్టేవారు. నాకు సైకిల్ నేర్పింది కూడా ఆవిడే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బడి వదిలాక ఖాళీ మైదానంలో సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతూ, "గుంత పక్క సూడొద్దు రంగీ! యాడ సూస్తే ఆడికే పోతుంది బండి" అని అరిచేవారు. నా పేరు రంగనాయకి. ఇంట్లో కూడా ఎవరూ రంగీ అనేవాళ్ళు కాదు. ఆవిడ అంటే మాత్రం బాగుండేది.

ఒకరోజు స్టాఫ్ రూములో గోడకున్న మ్యాపు ముందు నిలబడి, తిరుపతి మీద వేలు పెట్టి, మెల్లగా కిందికి దించుకుంటూ వెళ్ళారు. వేలు కన్యాకుమారి దగ్గర ఆగింది. "ఈ కాయితం చివరిదాకా పోవాల" అన్నారు. "బస్సులో కాదు, రైల్లో కాదు. మన కాళ్ళతో, మన సామాను మనమే మోసుకుని. యాడ పొద్దుగూకితే ఆడ దిగాల. ఎన్నేండ్లుగానో అడగతా ఉండా, ఒక్కరూ వచ్చేవాళ్ళు లేరు." హెడ్మిస్ట్రెస్ అమ్మగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారు. సైన్సు చెప్పే మునెమ్మ మాత్రం, "నేనొస్తా మేడమ్" అని అక్కడికక్కడే చెయ్యెత్తింది. మునెమ్మది చంద్రగిరి పక్క రైతు కుటుంబం. దేనికైనా ముందు సరే అని, భయపడడం తర్వాత చూసుకునే మనిషి. దాన్ని చూసి నేనూ చెయ్యెత్తాను. ఎత్తిన తర్వాత నాకొక ఇల్లుందని గుర్తొచ్చింది.

మాది వైష్ణవుల ఇల్లు. నాయనకు గుళ్ళో కైంకర్యం. నాయన మెతక మనిషి. "మీ మేడమ్ వస్తుందా? పెద్ద మనిషి తోడుంటే పోయిరా" అనేసి, అన్న మాటకు తనే జడుసుకుని అవ్వ వైపు చూశాడు. మా ఇంట్లో తీర్పులన్నీ అవ్వవే. అవ్వ మడిగట్టుకుని వంటింట్లో ఉంటే పిల్లి కూడా దూరం నుంచే వెళ్ళేది. ఆరేసిన మడిచీరను తన చేత్తో తప్ప ఇంకొకరు తాకకూడదు. తను స్నానం చెయ్యకముందు తీయాల్సివస్తే ఒక కర్రతో ఎత్తేది. అన్నీ విని అవ్వ నెమ్మదిగా చెప్పింది. "పో అమ్మణ్ణీ, ఎవరొద్దన్నారు? అయితే ఒకటి. దారిలో ఎవురింట్లోనూ, ఏ హోటల్లోనూ మెతుకు ముట్టగూడదు. మడికట్టుకుని నీకు నువ్వే వండుకోవాల. నీళ్ళు మరచెంబులోవే తాగాల. ఇది ఒప్పుకుంటే పో." వద్దు అన్న మాటను మర్యాదగా చెప్పడానికి అవ్వకు తెలిసిన పద్ధతి అదేనని నాకు అర్థమైంది. రోడ్డు పక్కన డేరాలో మడి ఏమిటి, నా తలకాయ!

మరునాడు బళ్ళో ఏడుపు మొహంతో ఈ సంగతి చెప్పాను. మునెమ్మ పకపకా నవ్వింది. సుగుణ మేడమ్ నవ్వలేదు. ఆవిడ క్రైస్తవులు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా వీధి తిన్నె మీదే కూర్చునేవారు. లోపలికి రమ్మని మావాళ్ళు అనేవాళ్ళు కాదు, ఆవిడా వచ్చేవారు కాదు. మా అవ్వ మడి ఎలాంటిదో ఆవిడకు తెలిసినంతగా మునెమ్మకు తెలియదు. కాసేపు ఆలోచించి, "అంటే నీకొక చీర, ఒక గిన్నె, మరచెంబు ఎక్కువ. అంతేనా?" అన్నారు. "అదికాదు మేడమ్, మడి..." అని నసిగాను. "మడి కూడా ఒక సామానే రంగీ. బరువెంతో చూసి కట్టుకుందాం. దానికి ఏడ్చేదెందుకు?" అన్నారు. నా జీవితంలో ఎవరూ మడిని అలా చూడగా నేను చూడలేదు. ఒప్పుకున్నట్టూ కాదు, తప్పన్నట్టూ కాదు. కట్టాల్సిన మూట, అంతే.

అప్పటినుంచీ రోజూ సాయంత్రం ఆటల గదిలో సామాను ఎంపిక. నేలమీద జంబుఖానా పరిచి, తీసుకెళ్ళాలనుకున్నవన్నీ దాని మీద పేర్చేవాళ్ళం. మేడమ్ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఉద్యోగానికి వచ్చినవాణ్ణి ప్రశ్నించినట్టు ప్రశ్నించేవారు. "ఏమయ్యా స్టవ్వూ, నిన్నెత్తుకుని నేను మిట్ట ఎక్కాల. నువ్వు నాకేం చేస్తావు?" స్టవ్వు తరఫున మునెమ్మ జవాబు చెప్పేది. "గాలిలో కూడా ఆరిపోను మేడమ్. అన్నం తొందరగా ఉడికిస్తాను." "మాటలొద్దు. మైదానంలో గాలికి పెట్టి చూపించు." అలా వత్తుల స్టవ్వు ఓడిపోయింది, ఇత్తడి పంపు స్టవ్వు గెలిచింది. మునెమ్మ తెచ్చిన పెద్ద టార్చిలైటును, "నువ్వు దొంగల్ని కొట్టడానికి తప్ప పనికిరావు" అని ఇంటికి పంపేశారు. నేను ముచ్చటపడి తెచ్చుకున్న అద్దం, దువ్వెన పెట్టెను చూసి ఏమీ ప్రశ్నించకుండానే పక్కన పెట్టారు. చిత్రమేమిటంటే, అవ్వ శిక్షగా వేసిన మరచెంబు మొదటి ప్రశ్నకే నెగ్గింది. మర మూత గట్టిగా బిగించి, తలకిందులు చేసి ఊపి చూశారు మేడమ్. చుక్క కారలేదు. "ఇంత మంచి వస్తువుని పెట్టుకుని మనం సీసాల కోసం తిరగతా ఉండాం. మీ అవ్వనడిగి ఇంకో రెండు తెచ్చేది" అన్నారు. అవ్వ ఇవ్వలేదు, అది వేరే సంగతి.

డేరా దగ్గరే చిక్కొచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో డేరాలు అమ్మే అంగడి లేదు. షామియానాలు అద్దెకిచ్చే ఆయన దగ్గరికి వెళ్ళి ముగ్గురు పడుకునే డేరా కావాలంటే, మమ్మల్ని ఎగాదిగా చూసి, "ముగ్గురితో పెండ్లేందమ్మా?" అన్నాడు. లారీల మీద కప్పే పట్టా ఒకటి దొరికింది కానీ, దాన్ని కట్టుకుని సైకిల్ తొక్కితే దున్నపోతును వెనకేసుకుని పోయినట్టే ఉండేది. చివరికి కోరా గుడ్డ తెచ్చి, బడిలో ఉన్న కుట్టు మిషను మీద మునెమ్మ, నేను కలిసి కుట్టాం. గుంజలుగా సైకిళ్ళే నిలబడతాయి కాబట్టి వెదురు కర్రల బరువు తప్పింది. మోసే వస్తువు ఏదైనా రెండు పనులు చెయ్యాలని మేడమ్ పట్టు. వానకు ఏం చెయ్యాలంటే గుడ్డకు మైనం పట్టించాలన్నారు. అంత మైనం ఎక్కడిది? మేడమ్ తాము వెళ్ళే చర్చిలో అడిగి, కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఒక డబ్బా నిండా తెచ్చారు. వేడినీళ్ళలో డబ్బా పెట్టి మైనం కరిగించి, టర్పెంటైన్ కలిపి, గుడ్డంతా పూసి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దితే గుడ్డ పీల్చుకుంది. గదంతా ఇదిగో ఈ వాసనే. "ప్రభువు ముందర వెలిగిన కొవ్వొత్తులమ్మే ఇవి. వాన కొంచెం ఆలోచించి కురుస్తుందిలే" అన్నారు మేడమ్. ఆ కొవ్వొత్తులు ఎక్కడివో అవ్వకు చెప్పాల్సిన అవసరం నాకేమీ కనిపించలేదు.

కనుమ వెళ్ళాక ప్రయాణం అనుకున్నాం. ధనుర్మాసంలో నన్ను ఇల్లు కదలనివ్వరు. దానికి ముందు, కార్తీకంలో ఒక శని ఆదివారాలు చూసుకుని, మొత్తం సామాను కట్టుకుని కార్వేటినగరం దాకా వెళ్ళి, అక్కడ డేరా వేసి రావాలన్నారు మేడమ్. "పోయొచ్చినాక, వాడిన సామాను ఒక పక్క, వాడని సామాను ఒక పక్క. వాడనిది యాడికీ రాదు, ఎంత మంచిదైనా సరే" అన్నారు. ఇది ఆవిడ ఎంపికలో రెండో మెట్టు. గదిలో ఎవరైనా ఏ జవాబైనా చెప్పొచ్చు, మిట్ట మీద అబద్ధం చెప్పలేమని ఆవిడ నమ్మకం.

ఆ ప్రయాణంలో మొదటి తమాషా నాదే. మడిమూటను ఎవరికీ తగలకుండా క్యారియర్ మీద అన్నింటికంటే పైన, గోపురం మీద కలశంలా కట్టుకున్నాను. బరువంతా పైనే ఉంటే బండి నిలుస్తుందా? పుత్తూరు దాటకముందే రెండు మూడు సార్లు పక్కకు ఒరిగింది. చివరికి పుత్తూరులో రోడ్డు మధ్యన పడనే పడింది. మునెమ్మ ఎత్తడానికి ఉరికొచ్చి, మూట తగులుతుందని చేతులు వెనక్కి తీసుకుంది. మేడమ్ కూడా అంతే. బండి కింద నేను, బండి మీద మడి, చుట్టూ జనం. ముట్టుకోవడానికి లేక ఇద్దరూ పక్కన నిలబడి, "ఎడమ పక్కకు తొయ్యి! హ్యాండిలు పట్టుకో!" అని నోటితోనే సాయం చేశారు. నాకు కోపం, నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

లేచాక మేడమ్ ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, నా దగ్గరున్న ఇత్తడి డబ్బా చూపించి, "దాంట్లో బియ్యం తీసి సంచిలో పోసెయ్. మడిచీర డబ్బాలో పెట్టి మూత బిగించు. అడుగున కట్టు. మేము ముట్టినా డబ్బాని ముడతాము గానీ చీరని కాదు కదా?" అన్నారు. మా అవ్వ శాస్త్రం దీన్ని ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. ఆ ఎండలో, ఆ మోచేతి దెబ్బతో నాకు మాత్రం పూర్తిగా సమ్మతమే అనిపించింది. ఆ తర్వాత బండి ఒక్కసారి కూడా ఒరగలేదు. దారిలో వేరుసెనగ ఉండల సంచి ఖాళీ అయిపోతే మునెమ్మ నావైపు చూసి, "అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం" అంది. అన్నీ తిన్నది అదే.

కార్వేటినగరం దగ్గర పడే మిట్ట మీద మేడమ్ బండి దిగి తోసుకుంటూ రావడం చూశాను. ముందు వెళ్ళే మనిషి వెనకబడ్డారు. ఆగితే, "మీరు పోండి, నేను ఊరు సూసుకుంటా వస్తా" అన్నారు. పాత రాజుల కోట గోడల దగ్గర ఒక బయలులో డేరా వేశాం. పొద్దు వాలుతుండగా నేను బావి దగ్గర నీళ్ళు పోసుకుని, అవ్వ నేర్పినట్టు ఆ తొమ్మిది గజాల పాత నూలు చీర కట్టుకుని, విడిగా అన్నం వండుకుని తిన్నాను. దాన్ని మళ్ళీ మడిచి డబ్బాలో పెట్టి మూత బిగించానో లేదో, తూర్పు నుంచి గాలి లేచింది. వెంటనే వాన.

మైనం గుడ్డ వానను బాగానే ఆపింది. ఆపనిది కుట్లే. గుడ్డకంతా మైనం పూశాం కానీ కుట్టు వేసిన చోట సూది చేసిన కంతల సంగతి ముగ్గురికీ తట్టలేదు. కుట్టు వెంబడి వరుసగా, గీత గీసినట్టు నీళ్ళు కారి పక్కల మీదే పడ్డాయి. మేడమ్ గొంగళి తడిసి బండరాయి అయింది. మా దుప్పట్లు, మార్చుకునే చీరలు అన్నీ ముద్ద. అప్పుడు మేడమ్‌కు ఎగశ్వాస మొదలైంది. ఆవిడకు ఉబ్బసం ఉందని మాకు తెలియదు. పడుకోలేక, కూర్చుని రెండు చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి తోడుకుంటున్నట్టు తీస్తున్నారు. ఒళ్ళంతా వణుకు. మునెమ్మ స్టవ్వు వెలిగించి నీళ్ళు కాచింది. కప్పడానికి పొడి గుడ్డ ముక్క కావాలి. ఆ డేరాలో పొడిగా ఉన్నది ఒక్కటే.

నేను పెద్దగా ఆలోచించానని చెప్పను. డబ్బా మూత తీసి, చీర విప్పి, ఆవిడ తడి పమిట తీసేసి చుట్టూ చుట్టాను. తొమ్మిది గజాలు కదా, ఆ పొట్టి మనిషికి తలనుంచి పాదాల దాకా సరిపోయింది. ఆవిడ తెలివిలోనే ఉన్నారు. "రంగీ... అది మడిచీర..." అన్నారు ఊపిరికీ ఊపిరికీ మధ్య. "మడి కూడా సామానే అన్నారు కదా మేడమ్" అన్నాను. ఆవిడ ఏదో అనబోయి దగ్గొచ్చి ఆగిపోయారు. వేడినీళ్ళు తాగి, కాసేపటికి నా భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. మరునాడు పొద్దున మేడమ్‌ను బస్సెక్కించి, ఆవిడ సైకిల్ బస్సు పైన వేయించి, నేనూ మునెమ్మా తొక్కుకుంటూ తిరిగొచ్చాం.

ఇంటికి వస్తూనే జరిగింది జరిగినట్టు అవ్వకు చెప్పేశాను. అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది. కర్ర తెచ్చి, ఆ చీరను కొసతో ఎత్తి, పెరట్లో ఒక మూల తీగ మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది. వారం గడిచినా ఆ చీర అక్కడే ఉంది. ఆ తీగ వైపు చూసినప్పుడల్లా నా కన్యాకుమారి కూడా దాని మీదే వేలాడుతున్నట్టు ఉండేది. నాయన నా మొహం చూడకుండా తిరిగేవాడు.

మేడమ్ బడికి వచ్చిన రోజే ఆటల గదిలో జంబుఖానా పరిచారు. వాడినవి ఒక పక్క, వాడనివి ఒక పక్క. జంబుఖానాకే మొదటి వేటు పడింది, తడిస్తే మొయ్యలేమని. డేరా నెగ్గింది, కుట్లకు మైనం పట్టించాలన్న షరతు మీద. డబ్బా, మరచెంబు, స్టవ్వు, తాడు అన్నీ వాడిన పక్కకే చేరాయి. ఆఖరికి మేడమ్ తన పక్కచుట్టను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఎప్పటిలా వస్తువును చూసి కాకుండా, తల వంచి తన వైపే చూసుకుంటూ అడిగారు. "ఏమ్మే సుగుణా, నిన్నెత్తుకుని ఈ పిల్లలు మిట్టలెక్కాల. నువ్వు వీళ్ళకేం చేస్తావు?"

మునెమ్మ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అది ఆట కాదని ఇద్దరికీ తెలిసింది. "సూడు, ఒక్క మాటా చెప్పలేకపోతా ఉండాది" అని నవ్వి, మేడమ్ ఆ పక్కచుట్టను తీసుకెళ్ళి వాడని సామాను పక్కన పెట్టారు. "మీరు లేకుండా మేమెట్లా పోతాం మేడమ్?" అని మునెమ్మ గట్టిగా ఏడ్చేసింది. నేనైతే కోపంగా, "ఇన్నేళ్ళుగా అనుకుంటున్నది మీరు. మేము మధ్యలో వచ్చినవాళ్ళం. మీరు రాకపోతే ఎవరూ వద్దు" అన్నాను. "ఎవురూ పోకపోతే నేనింత సామాను ఎందుకు తేల్చినట్టు?" అన్నారు ఆవిడ, నిజంగానే అర్థం కానట్టు.

చిక్కేమిటంటే, నన్ను పంపుతానన్నది మేడమ్ తోడుంటారనే కదా. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, ఎప్పటిలాగే తిన్నె మీద కూర్చున్నారు. నాయన, నేను గడప దగ్గర. అవ్వ తలుపు వెనక. "అమ్మా, నాకు ఒళ్ళు బాగలేదు. నేను పోలేను. ఆ మాట నేనే చెప్పాలని వచ్చినాను" అన్నారు మేడమ్. తలుపు వెనక నుంచి అవ్వ గొంతు వచ్చింది. "నువ్వు పోకపోతే మా పిల్లని ఏ నమ్మకంతో పంపేది?"

"మీ పిల్లని నమ్మేనమ్మా" అన్నారు మేడమ్. "సామాను కట్టేది ఎవురైనా నేర్చుకుంటారు. కట్టినదాన్ని ఎప్పుడు విప్పాలో తెలియడమే కష్టం. మీ పిల్లకి తెలుసు. ఆ పొద్దు తను విప్పకపోయుంటే నేను ఇట్లా కూర్చుని ఉండను. ఇంక నేను వెంటబోయి చెప్పేదేముండాది?" నాయన పైపంచెతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. పెరటి తలుపు చప్పుడైంది. అవ్వ తిరిగొచ్చింది, గడప దాటి తిన్నె దగ్గరికి వచ్చింది. చేతిలో ఆ చీర. కర్ర లేదు. "ఇది ఇంక మడికి పనికిరాదు" అంది ఎవరితోనో జగడమాడుతున్నట్టు. "మీ డేరాకి లోపలి పక్క వేసి కుట్టేదానికి వస్తుందేమో సూడు. కుట్లు కారతాయంట కదా." కింద పెట్టలేదు. మేడమ్ చేతిలోనే పెట్టింది. ఆ వెంటనే లోపలికి వెళ్ళి నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుంది. దాన్ని నేను దాచను. అవ్వ అవ్వే. కానీ నాకోసం ఇంకొక మడిచీర ఆ రోజే ఉతికి ఆరేసింది.

బయల్దేరే ముందు మేడమ్ వాటా పంపకం జరిగింది. ముగ్గురు పోయేటప్పుడు అందరికీ కావలసిన సామాను ముగ్గురి బళ్ళ మీదా ఉంటుంది. ఒకరు తగ్గితే వాళ్ళు తినే తిండి, కప్పుకునే గొంగళి తగ్గుతాయి గానీ, డేరా తగ్గదు, స్టవ్వు తగ్గదు, సైకిల్ నట్లు బిగించే పానాలు తగ్గవు. మేడమ్ మోయాల్సిన సగం డేరా, తాడు నా బండి మీదికి వచ్చాయి. పానాలు, పంపు, పంక్చర్ సామాను మునెమ్మ బండి మీదికి. "సూసినారా, నేను దిగిపోతే మీకు బరువు తగ్గుతుందనుకున్నా. ఎక్కువైంది" అన్నారు మేడమ్. చంద్రగిరి దాకా మాతో తొక్కుతూ వచ్చారు. అక్కడ దిగి, మా క్యారియర్లు రెండూ పట్టుకుని గట్టిగా ఊపి చూసి, ముళ్ళు బాగున్నాయని తల ఊపారు. "పోండి. వెనక్కి సూడొద్దు, యాడ సూస్తే ఆడికే పోతుంది బండి" అన్నారు. మేము చూడలేదు. ఏడుస్తూ పాకాల దారి పట్టాం.

ప్రయాణం గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. చిత్తూరు దాటి, అరవదేశంలో ఊళ్ళకు ఊళ్ళు దాటుకుంటూ, మునెమ్మ అరవంతోను నా మడితోను నానా తంటాలు పడుతూ వెళ్ళాం. ఒకటి మాత్రం చెబుతాను. ఎక్కడ దిగినా, సామాను విప్పాక ఇద్దరిలో ఒకరం గాలి ఎటు వీస్తోందో చూసేవాళ్ళం, ఒకరం చక్రాలు నొక్కి చూసేవాళ్ళం. ఈ రెండూ మేడమ్ చేసే పనులు. ఎవరూ మాకు అప్పజెప్పలేదు. వాన పడిన చోట కూడా డేరా కారలేదు. అవ్వ చీర కింద పడుకుని, మేడమ్ మైనం వాసన పీలుస్తూ నేను హాయిగా నిద్రపోయాను. సముద్రం కనిపించినప్పుడు మునెమ్మ కేక పెట్టింది. నాకు మాత్రం స్టాఫ్ రూములో మ్యాపే గుర్తొచ్చింది. ఆ వేలు ఆగిన చోటు ఇదే, ఆ వేలు గల మనిషి మాత్రం ఇక్కడ లేరు.

తిరిగొచ్చాక మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "ఏది వాడలేదు?" అని. ఆలోచిస్తే ఒక్కటీ లేదు. ఆ రోజు ఆవిడ మొహంలో ఉన్నంత తృప్తి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. తర్వాత చాలాసార్లు, "రైల్లో తీసుకుపోతాం, రండి మేడమ్" అని అడిగాం. "రైల్లో పోయేదానికి నాకు కన్యాకుమారి ఎందుకే?" అని కొట్టిపారేసేవారు. రిటైరయ్యాక చిత్తూరులో చెల్లెలింట్లో ఉంటూ అక్కడే పోయారు. కన్యాకుమారి చూడకుండానే పోయారు. అది నాకు ఈరోజుకీ బాధే.

పిల్లల పెళ్ళిళ్ళప్పుడు, ఇల్లు మారినప్పుడు, నేనే హెడ్మిస్ట్రెస్‌నయ్యాక ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తేలనప్పుడు, గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి అడిగాను. కోపాన్ని అడిగాను, పంతాన్ని అడిగాను, మడినీ అడిగాను. నిన్నెత్తుకుని మిట్ట ఎక్కాలి, నువ్వు నాకేం చేస్తావని. కొన్ని జవాబు చెప్పాయి. చాలా చెప్పలేకపోయాయి, వాటిని అక్కడే వదిలేశాను. ఉద్యోగం ఆఖరి ఏడాదిలో, హెడ్మిస్ట్రెస్ కుర్చీలో ఇంకా కొన్నాళ్ళు ఉండమన్నప్పుడు, నన్ను నేనే ఒళ్ళో పెట్టుకుని అడుక్కుని దిగిపోయాను.

అప్పుడప్పుడూ మునెమ్మ ఫోన్ చేస్తుంది. మోకాళ్ళు అరిగిపోయాయట, పానాలు మాత్రం తుడిచి నూనె రాసి పెట్టిందట. "ఎందుకే ఇంకా?" అంటే, "నావి కాదు కదా పారెయ్యడానికి, మేడమ్‌వి" అంటుంది. నేనూ అంతే. ఈ వయసులో ఇంట్లో అన్నీ తగ్గించుకుంటూ వస్తున్నాను, కోడలికి ఇచ్చేవి ఇచ్చేశాను, వాడనివి పంపేశాను. చంద్రగిరి దగ్గర నా బండి మీదికెక్కిన మేడమ్ వాటాను మాత్రం ఇంకా దించలేదు.